క్లిక్కు అర్థం మార్చేముందు: సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ

శ్రీ సత్య నాదెళ్ల గారికి,



2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మీ సంస్థ మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో మీసేవ కౌంటర్లు, డీటీపీ సెంటర్లు, జీఎస్టీ రిటర్నులు వేసే కన్సల్టెంట్ల గదులు, ప్రైవేటు కాలేజీల ఆఫీసులు ఒక్కొక్కటిగా విండోస్ 11కి మారుతున్నాయి. మారిన మర్నాడు ఆ గదుల్లో కొత్త రంగుల గురించి గానీ, విండోల గుండ్రటి మూలల గురించి గానీ ఎవరూ మాట్లాడరు. "ఇక్కడ నొక్కితే ఇదివరకు అది వచ్చేది కదండీ, ఇప్పుడిదేంటి?" అంటారు. ఈ లేఖ ఆ ప్రశ్న గురించి.

కృత్రిమ మేధ గురించీ, క్లౌడ్ గురించీ మీతో మాట్లాడేవారికి కొదవ లేదు. టాస్క్‌బార్ మీద ఉన్న ఒక బటన్ గురించి మాట్లాడేవారు తక్కువ. తెలుగులో రాస్తే మీదాకా చేరుతుందా అన్న సందేహం కూడా అక్కర్లేదు. మీరు హైదరాబాద్‌లో పుట్టినవారు, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవారు. 1998 నుంచీ అదే ఊళ్లో మీ సంస్థ డెవలప్‌మెంట్ సెంటర్ నడుస్తోంది. చదివి వినిపించేవాళ్లు మీ చుట్టూ బోలెడుమంది.

ముందు ఆ బటన్ సంగతి చూద్దాం.

శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్ ఒకటి తీసుకోండి. మాఘమాసం, ముహూర్తాల రోజులు. ఆపరేటర్ ముందు వర్డ్ ఫైళ్లు నాలుగు తెరిచి ఉంటాయి: ఒకదాంట్లో ఆడపెళ్లివారు పంపిన మాటలు, ఒకదాంట్లో మగపెళ్లివారు దిద్దినవి, మరొకదాంట్లో కిందటి వారం వేసిన కార్డు, ఇంకొకదాంట్లో కొత్తది. ఒకదాన్లోంచి కాపీ కొట్టి ఇంకోదాంట్లో పెట్టాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కింద టాస్క్‌బార్ మీద జాగా ఉన్నంతవరకూ ఏ ఫైలుకు ఆ బటన్ ఉండేది, బటన్ మీద ఫైలు పేరుండేది. ఒక్క నొక్కుతో ఆ ఫైలు పైకి వచ్చేది. 2009లో విండోస్ 7 వచ్చాక మామూలుగా నాలుగు ఫైళ్లకూ కలిపి వర్డ్ బొమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని నొక్కితే ఏ ఫైలూ తెరుచుకోదు. నాలుగు చిన్న బొమ్మలు వరుసగా పైకి లేస్తాయి. వాటిలో కావలసినదాన్ని వెతికి మళ్లీ నొక్కాలి. శుభలేఖల విషయంలో ఆ వెతుకులాట మరీ చిత్రంగా ఉంటుంది: నాలుగింటికీ పైన వినాయకుడు, కింద అక్షరాల వరుసలు. ఆ సైజులో చూస్తే ఏ పెళ్లి ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఒక్క నొక్కు రెండు నొక్కులైంది. రోజుకు కొన్ని వందలసార్లు చేసే పనిలో ఇది చిన్న విషయం కాదు.

విచిత్రం ఏమిటంటే ఇందుకు మందు మీ దగ్గరే ఉంది. కంట్రోల్ కీ పట్టుకుని ఆ వర్డ్ బొమ్మను నొక్కితే బొమ్మల వరుస రాకుండా చివరగా వాడిన ఫైలు నేరుగా పైకి వస్తుంది. మళ్లీ నొక్కితే రెండోది, ఇంకోసారి నొక్కితే మూడోది. ఇది అద్భుతమైన సౌకర్యం, కానీ ఎవరికీ తెలియదు. కంట్రోల్ కీ లేకుండానే ఆ పని జరగాలంటే ఇంకా లోపలికి వెళ్లాలి. విండోస్ లోపలి అమరికలు మార్చే రిజిస్ట్రీ ఎడిటర్ తెరవాలి. ప్రస్తుత వాడకందారు విభాగంలో సాఫ్ట్‌వేర్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో కరెంట్‌వెర్షన్, అందులో ఎక్స్‌ప్లోరర్, అందులో అడ్వాన్స్‌డ్ అనే చోటుకు దిగాలి. అక్కడ 'లాస్ట్‌యాక్టివ్‌క్లిక్' అన్న పేరుతో ఒక కొత్త డీవర్డ్ విలువ సృష్టించి దానికి 1 అని ఇవ్వాలి. పేరులో అక్షరాల మధ్య ఖాళీ రాకూడదు. తర్వాత ఒకసారి లాగాఫ్ అయి రావాలి. అప్పటి నుంచి వర్డ్ బొమ్మను నొక్కితే చివరగా వాడిన ఫైలే వస్తుంది. చిన్న బొమ్మలు కావాలంటే మౌస్ దాని మీద కాసేపు నిలిపితే చాలు, అవీ వస్తాయి. అంటే కొత్త పద్ధతి పోలేదు, పాత పద్ధతి తిరిగి వచ్చింది, రెండూ ఒకే బటన్ మీద హాయిగా సర్దుకున్నాయి.

ఇంత చక్కటి ఏర్పాటును మీ ఇంజనీర్లే రాశారు, పరీక్షించారు, విండోస్‌తో పాటే ప్రపంచమంతా పంపారు. సెట్టింగుల పేజీలో దానికి ఒక టిక్కు పెట్టె మాత్రం ఇవ్వలేదు. రిజిస్ట్రీలో చేయి పెడితే సిస్టమ్ పాడవవచ్చని హెచ్చరించేదీ మీ సంస్థే, ఇలాంటి కీలకమైన సౌకర్యాన్ని అక్కడే దాచేదీ మీ సంస్థే. ఆ లోటు చూసి మీ సంస్థతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ 'సెవెన్ ప్లస్ టాస్క్‌బార్ ట్వీకర్' అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. గుంపుగా ఉన్న బటన్‌ను ఎడమ క్లిక్ చేస్తే ఏం జరగాలి, మధ్య క్లిక్ చేస్తే ఏం జరగాలి అన్నవి అందులో గడుల్లో టిక్కు పెట్టి ఎంచుకోవచ్చు. విండోస్ 11లో టాస్క్‌బార్‌ను కొత్తగా రాయడంతో పాపం ఆ ప్రోగ్రాం దానిమీద పనిచేయకుండా పోయింది.

బటన్ అంటే తెర మీద గీసిన ఒక చతురస్రం అనుకుంటే ఇదంతా గోరంతను కొండంత చేసినట్టు ఉంటుంది. అసలు క్లిక్కు అనేది ఎలా జరుగుతుందో ఒక్క క్షణం దగ్గర్నుంచి చూడండి. వేలు మౌస్‌ను నొక్కుతుంది. విండోస్ దాన్ని ఒక సందేశంగా నమోదు చేస్తుంది. అప్పటికి పని ఇంకా జరగదు. తెర మీద బటన్ లోపలికి నొక్కుకున్నట్టు కనబడుతుంది, అంతే. వేలు పైకి లేచినప్పుడు, అదీ బాణం గుర్తు ఇంకా బటన్ మీదే ఉంటే, అప్పుడు పని జరుగుతుంది. నొక్కాక తప్పు బటన్ అని తెలిస్తే, వేలు ఎత్తకుండా మౌస్‌ను పక్కకు జరిపి అక్కడ వదిలేస్తే చాలు, ఏమీ కాదు. కావాలంటే ఇప్పుడే ఏదైనా డైలాగ్ పెట్టెలో 'సరే' బటన్ మీద చేసి చూడవచ్చు. పశ్చాత్తాపానికి ఆ అరక్షణం వ్యవధి ఇచ్చినవాడెవడో చాలా దయగలవాడు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2018 జూన్‌లో తెచ్చిన సౌలభ్య మార్గదర్శకాల్లో దీన్నొక నియమంగా పెట్టింది: నొక్కగానే పని జరిగిపోకూడదు, వెనక్కి తీసుకునే వీలుండాలి. చేతులు వణికేవాళ్లకు, వయసు మీదపడినవాళ్లకు ఇది పెద్ద రక్ష.

డబుల్ క్లిక్కు కూడా అలాంటి ఒప్పందమే. రెండు నొక్కుల మధ్య ఎంత వ్యవధి ఉంటే అవి ఒక జంట అవుతాయన్నది విండోస్‌లో మామూలుగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. అది చాలని వాళ్లు మౌస్ సెట్టింగుల్లో పెంచుకోవచ్చు. ఆర్టీసీ బస్సులో కండక్టర్ ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. డ్రైవర్ వెనక్కి తిరిగి చూడడు, ఆలోచించడు, కాలు తనంతట తానే పనిచేస్తుంది. మౌస్ పట్టుకుని పదేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ వేలు కూడా అంతే. గంటల లెక్క మార్చాలని డిపోలో ఎవరైనా నిర్ణయిస్తే, ఆ విషయం ముందుగా తెలియాల్సింది డ్రైవర్‌కు.

మీ సంస్థకు ఇది తెలియనిది కాదు. తెలిసినప్పుడు ఎంత బాగా చేసిందో చెప్పుకోవడానికి 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 సాక్ష్యం. అంతకు ముందు విండోస్ 3.1లో విండో మూయడానికి ఎక్స్ గుర్తు లేదు. పైన ఎడమ మూలనున్న చిన్న పెట్టెను డబుల్ క్లిక్ చేయాలి. కుడి మూల చివరన ఉండేది విండోను పెద్దది చేసే బటన్. విండోస్ 95 ఆ కుడి మూలలోనే ఎక్స్ పెట్టింది. అంటే, అప్పటిదాకా పెద్దది చేసిన చోట నొక్కితే ఇప్పుడు మూసుకుపోతుంది! చాలా ప్రమాదకరమైన మార్పు. కానీ పాత దారిని మూయలేదు. ఎడమ మూల బొమ్మ మీద డబుల్ క్లిక్ చేస్తే మూసుకునే పద్ధతిని అలాగే ఉంచారు. ఆ పని రిజిస్ట్రీ ఎడిటర్ లాంటి పాత తరహా విండోల్లో ఇవాళ్టికీ జరుగుతుంది. విండోస్ 3.1 చూడనివాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చి ఏళ్లు గడిచాయి, అయినా ఆ తలుపు తెరిచే ఉంది.

స్టార్ట్ బటన్ పుట్టుక కూడా అలాంటిదే. కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి డబుల్ క్లిక్కు చేయాలన్న ఊహే తట్టడం లేదని పరీక్షల్లో బయటపడింది. మామూలు మనుషులను కూర్చోబెట్టి, వాళ్లెక్కడ తడబడుతున్నారో చూసి, నమూనా మళ్లీ మార్చి, మళ్లీ చూసి చేసిన డిజైన్ అది. ఒక్క క్లిక్కుతో మొదలయ్యే బటన్ ఒకటి పెట్టి, దాని మీద 'స్టార్ట్' అని రాశారు. అదీ చాలదేమోనని, 'మొదలుపెట్టడానికి ఇక్కడ క్లిక్ చేయండి' అన్న మాటలు బాణం గుర్తుతో టాస్క్‌బార్ మీద జారుకుంటూ వచ్చి బటన్‌కు తగిలేలా చేశారు. ఎంత ఓపిక!

ఆ ఓపిక 17 ఏళ్లకు కరిగిపోయింది. 2012 అక్టోబర్ 26న వచ్చిన విండోస్ 8లో స్టార్ట్ బటన్ లేనే లేదు. ఎడమ కింది మూలకు మౌస్ తీసుకెళ్లి నొక్కాలి, నొక్కితే తెరంతా రంగు పలకలు. గోల చేశాక 2013 అక్టోబర్‌లో 8.1తో బటన్ తిరిగొచ్చింది. చూడటానికి బటనే, నొక్కితే మాత్రం మళ్లీ అవే పలకలు. జనం అడిగింది బటన్ బొమ్మ అనుకున్నారు మీవాళ్లు. వాళ్లడిగింది నొక్కితే వచ్చే మెనూ. మీరు 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక ఆ మెనూ తిరిగి వస్తుందని మీ సంస్థ ప్రకటించింది, 2015 జూలైలో విండోస్ 10తో వచ్చింది. ఆ మధ్యకాలంలో క్లాసిక్ షెల్ అనే ఉచిత ప్రోగ్రాం ఎన్ని కంప్యూటర్లలోకి ఎక్కిందో కంప్యూటర్లు రిపేరు చేసే కుర్రాళ్లను అడిగితే చెబుతారు.

ఇక 2016. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బటన్ ప్రవర్తన మార్చడంలో ఇంతకన్నా చెడ్డ ఉదాహరణ ఇంకోటి లేదు.

విండోస్ 10ను ఉచితంగా ఇచ్చే గడువు ఆ ఏడాది జూలై 29తో ముగియనుంది. విండోస్ 7, 8.1 కంప్యూటర్లలో అప్‌గ్రేడ్ చేసుకోమని చెబుతూ ఒక పెట్టె కనబడేది. మొదట్లో దాని ఎక్స్ నొక్కితే పెట్టె పోయేది, అంతటితో సరి. మే నెలకు ఆ పెట్టె తీరు మారింది. ఫలానా రోజు ఫలానా గంటకు మీ కంప్యూటర్ అప్‌గ్రేడ్ అవుతుంది అని చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎక్స్ నొక్కితే ఒప్పుకున్నట్టే లెక్క. వద్దనుకున్నవాళ్లు మధ్యలో చిన్న అక్షరాల్లో ఉన్న లింకును వెతికి పట్టుకోవాలి. బటన్ అదే, బొమ్మ అదే, చోటు అదే. అర్థం మాత్రం తలకిందులైంది. 'వద్దు' అని నొక్కినవాడి నోట 'సరే' అనిపించారు.

ఇందులో అసలు వింత ఇంకొకటుంది. డెవలపర్ల కోసం మీ సంస్థ ప్రచురించిన డిజైన్ మార్గదర్శకాల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది: డైలాగ్ పెట్టె మీది ఎక్స్ ఎప్పుడూ 'రద్దు' అన్న అర్థమే ఇవ్వాలి, దానికి 'సరే' అన్న అర్థం ఎన్నడూ ఇవ్వకూడదు. ఊరందరికీ చెప్పిన శాస్త్రాన్ని సొంత ఇంట్లోనే తప్పారు. జూన్ చివర్లో ఆ పెట్టెను మార్చి, 'వద్దు' అనడానికి విడిగా చోటిచ్చి, ఎక్స్‌కు పాత అర్థం తిరిగి ఇచ్చారు. డిసెంబర్‌లో అప్పటి మీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా హద్దు దాటామని ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు కూడా. అంతకు ముందే, అడగకుండా మొదలైన అప్‌గ్రేడ్ వల్ల తన కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలుచుకున్నారు.

మన దగ్గర ఇలా కోర్టుకెక్కినవాళ్ల సంగతి వినలేదు. కానీ 2016 మే అంటే జియో ఇంకా రాలేదు, అది సెప్టెంబర్ 5న వచ్చింది. డాంగుల్‌లో నెలకు 1 జీబీయో 2 జీబీయో వేయించుకుని, యూట్యూబ్ చూస్తే అయిపోతుందని పిల్లల్ని కసిరే రోజులవి. విండోస్ 10 అప్‌గ్రేడ్ ఫైళ్లు ఇంచుమించు 3 జీబీ. ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకున్న కంప్యూటర్లలో అవి అడగకముందే దిగిపోయాయి. ఒక ఎక్స్ నొక్కు ఖరీదు ఇక్కడ డేటా ప్యాక్ రూపంలో కట్టారు. పాత ప్రింటర్ డ్రైవర్లు, కాలేజీ ఫీజుల పాత సాఫ్ట్‌వేర్లు అప్‌గ్రేడ్ తర్వాత మొరాయించిన చోట ఇంకా ఎక్కువే కట్టారు.

అన్ని మార్పులూ ఇంత దుర్మార్గంగా ఉండవు. ఎక్సెల్ సంగతి చూడండి. 2010 దాకా ఎక్సెల్‌లో మూలన రెండు ఎక్స్‌లుండేవి: పైది ఎక్సెల్ మొత్తాన్ని మూసేది, కిందిది ఒక్క ఫైలును. 2013 నుంచి ఏ ఫైలుకు ఆ విండో, ఎక్స్ ఆ ఒక్క ఫైలునే మూస్తుంది. ఎక్కువమందికి ఇదే మేలు. రెండు తెరలు పెట్టుకుని బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక పక్క, లెడ్జర్ ఒక పక్క చూసుకునే అకౌంటెంట్లు ఈ మార్పుకు దండం పెట్టారు. సాయంత్రం అన్నిటినీ ఒక్కసారిగా మూసి ఇంటికెళ్లే అలవాటున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కటీ మూసుకుంటూ కూర్చున్నారు. షిఫ్ట్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కితే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి, ఎవరో చెబితే తప్ప తెలియదు. ఇదొక జబ్బు. పాత పద్ధతిని బతికించే ఉంచుతారు, ఎక్కడుందో చెప్పరు.

ఆటోసేవ్ కథ కొంచెం వేరు. 2017 నుంచి ఆఫీస్ చందాదారులకు, వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లకు సేవ్ బటన్ నొక్కకుండానే మార్పులు భద్రమవుతున్నాయి. కరెంటు పోతే పని పోయే ఊళ్లలో ఇది వరమే. కానీ మన ఆఫీసుల్లో కొత్త ఉత్తరం కొత్త ఫైలుగా పుట్టదు. కిందటి నెల ఉత్తరం తెరిచి, తేదీ మార్చి, పేరు మార్చి, 'సేవ్ యాజ్' కొట్టి కొత్త పేరు పెడతారు. గుమస్తాల వ్యవస్థ అంతా దీని మీదే నడుస్తుంది. ఆటోసేవ్ ఉన్నచోట 'సేవ్ యాజ్' వెళ్లి 'సేవ్ ఎ కాపీ' వచ్చింది. తేదీ మార్చిన క్షణానే కిందటి నెల ఉత్తరం కూడా మారి కూర్చుంటుంది. పాత ప్రతులు వెనక్కి తెచ్చుకోవచ్చు, నిజమే. ఆ వీలుందని తెలిసినవారికి.

మార్చనే కూడదని ఈ లేఖ అనడం లేదు. మార్చే మర్యాద తెలిసినవాళ్లు లోకంలో ఉన్నారు. లినక్స్ మీద నడిచే కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో ఏళ్ల తరబడి ఫైలును ఒక్క క్లిక్కుతో తెరిచేవారు. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన ప్లాస్మా 6లో అది డబుల్ క్లిక్కు అయింది. బయటి నుంచి వచ్చేవాళ్లకు అదే అలవాటు కాబట్టి అలా చేశారు. ఒక్క క్లిక్కే కావాలనుకున్నవారికి సెట్టింగుల్లో కళ్లెదురుగానే ఆ ఎంపిక ఉంచారు. ఆపిల్ సంస్థ 2014లో మాక్ కంప్యూటర్ల యోసెమిటీ వెర్షన్‌తో విండో మూలనున్న ఆకుపచ్చ బటన్ పని మార్చింది. అంతవరకూ విండోను సరిపడా పెంచే బటన్ ఇక తెరంతా ఆక్రమించడం మొదలుపెట్టింది. ఆప్షన్ కీ పట్టుకుని నొక్కితే పాత పని. ఇది కొంచెం లోపాయికారీ మర్యాదే, అయినా ఉంది.

అసలు వీళ్లకన్నా ముందే ఈ మర్యాద చేసింది మీ సంస్థే. ఫైలును ఒక్క క్లిక్కుతో తెరవాలా, రెండు క్లిక్కులతోనా అన్నది ఎంచుకునే గడి విండోస్ 98 నుంచీ ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఉంది, విండోస్ 11లోనూ ఉంది. పాతికేళ్లు దాటినా దాన్ని పీకేయాలని ఎవరికీ అనిపించలేదు. వేళ్లు వంగని పెద్దవాళ్లకు ఆ ఒక్క గడి ఎంత పని చేసిపెడుతుందో, డబుల్ క్లిక్కు కుదరక మౌస్ వదిలేసిన రిటైర్డ్ మాస్టారెవరికైనా అది మార్చి ఇచ్చి చూస్తే తెలుస్తుంది.

మరి 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చినప్పుడు ఏమైంది? టాస్క్‌బార్ ఖాళీ చోట కుడి క్లిక్ చేస్తే ఇదివరకు టాస్క్ మేనేజర్ ఉండేది. ప్రోగ్రాం బిగుసుకుపోయినప్పుడు మన ఆపరేటర్లందరి చేయీ ముందు వెళ్లేది అక్కడికే. కొత్త దాంట్లో ఒకే ఒక్క వరుస మిగిలింది, అది టాస్క్‌బార్ సెట్టింగ్స్. టాస్క్ మేనేజర్ తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. బటన్లను గుంపు చేయకుండా పేర్లతో విడివిడిగా చూపించే ఎంపిక విండోస్ 7లో ఉండేది, విండోస్ 10లోనూ ఉండేది, 11లో మాయమైంది. 2023లో తిరిగొచ్చింది. ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే మెనూ కుదించి, మిగతావన్నీ 'మరిన్ని ఎంపికలు' వెనక్కి నెట్టారు. షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ చేస్తే పాతది వస్తుంది. ఎప్పుడూ పాతదే రావాలంటే రిజిస్ట్రీలోకి దిగి 32 అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక సంకేతాన్ని పేరుగా పెట్టి కీ సృష్టించాలి. ఆ సంకేతాన్ని చూసి రాసుకుంటూ ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు.

తీసేయడం, గోల, ఏడాదో రెండేళ్లో, తిరిగి పెట్టడం. మళ్లీ మళ్లీ ఇదే వరస.

మీవైపు వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ఎంపిక ఒకటి పెంచితే పరీక్షించాల్సిన పరిస్థితులు రెట్టింపవుతాయి. పదేళ్ల పాటు దాన్ని మోయాలి. వందలో కొందరే వాడతారు. సెట్టింగుల పేజీ అడవిలా తయారైతే కొత్తవాడు దారి తప్పుతాడు. ఇవన్నీ నిజాలే. అయితే ఎంతమంది వాడుతున్నారు అన్న లెక్క దగ్గర ఒక చిక్కుంది. రిజిస్ట్రీలో దాగినదాన్ని ఎవరూ వాడటం లేదంటే, అవసరం లేకనా, ఉందని తెలియకనా? ఇక లాస్ట్‌యాక్టివ్‌క్లిక్ విషయంలో ఖర్చు వాదన అసలే నిలవదు. కోడు ఎప్పుడో రాసి ఉంది. విండోస్ 7 నుంచీ దాన్ని మోస్తూనే ఉన్నారు. లేనిదల్లా తెర మీద ఒక గడి.

అందుకే ఈ లేఖ అడిగేది పెద్ద కోరిక కాదు. ఎక్స్ నొక్కినవాడు వద్దన్నాడని నమ్మండి. అది అప్‌గ్రేడ్ పెట్టె అయినా, కోపైలట్ ప్రకటన అయినా, వన్‌డ్రైవ్ బ్యాకప్ చేసుకోమనే సలహా అయినా సరే. ఉన్న బటన్ పని మార్చదలిస్తే, మార్పు వచ్చిన మొదటి రోజే పాత పనిని ఎంచుకునే వీలు సెట్టింగుల్లో పెట్టండి. జనం రెండేళ్లు అడిగితే గానీ ఇవ్వని రివాజు మానండి. మార్చిన బటన్‌ను మొదటిసారి నొక్కినప్పుడు, విండోస్ 95లో బాణం పంపినట్టు, ఇదివరకు ఏం జరిగేది, ఇప్పుడేం జరుగుతుంది, పాతది కావాలంటే ఎక్కడుంది అన్న మూడు ముక్కలు చెప్పండి. తెలుగు విండోస్ వాడేవారికి ఆ మూడు ముక్కలు తెలుగులోనే చెప్పండి.

అన్నిటికన్నా ముందు చేయగలిగినది ఒకటుంది. విండోస్ 11 సెట్టింగుల్లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో టాస్క్‌బార్ బిహేవియర్స్ అనే చోటు తెరిపించి చూడండి. టాస్క్‌బార్ చివరి మూల నొక్కితే డెస్క్‌టాప్ కనబడాలా వద్దా అన్న గడి అక్కడ ఇప్పటికే ఉంది. అంటే ఒక క్లిక్కు ఏం చేయాలో వాడుకునేవాడినే ఎంచుకోనివ్వడం మీకు కొత్త కాదు. దాని కింద ఇంకొక్క వరుస వేయించండి: గుంపుగా ఉన్న బటన్‌ను నొక్కితే చిన్న బొమ్మలు రావాలా, చివరగా వాడిన విండో రావాలా? వచ్చే మాఘమాసం ముహూర్తాలకు ముందే అది వస్తే మరీ మంచిది.

ఇట్లు,
రోజంతా మౌస్ పట్టుకుని పనిచేసేవారి తరఫున